నెల్లూరులో కోపానికి కౌన్సెలింగ్: ఆరు సిట్టింగుల తర్వాత ఒక రొయ్యల రైతు రివ్యూ

ముందే చెప్తున్నా, నేను రివ్యూలు రాసే మనిషిని కాదు. చెరువు నీళ్ళల్లో గాలి కలిపే ఏరేటర్ మోటారు కాలిపోతే షాపాయనకి ఫోన్ చేసి నాలుగు తిట్టి పెట్టేసే రకం. ఆ తిట్టే రకం కాబట్టే ఇప్పుడు ఇది రాయాల్సొచ్చింది. నెల్లూరు పొగతోట వైపు ఒక మేడమ్ దగ్గర కోపం తగ్గించుకోడానికి ఆరు సిట్టింగులు కూర్చున్నా. సిట్టింగుకి 800, ఆరింటికీ ముందే కడితే 4,500 అన్నారు. నేను ముందే కట్టలేదు, మధ్యలో మానేస్తానని నా మీద నాకే నమ్మకం. సెంటర్ పేరు రాయను. మెచ్చుకునేవి ఎన్ని ఉన్నాయో విసుక్కునేవీ అన్ని ఉన్నాయి, పేరు పెట్టి విసుక్కుంటే మళ్ళీ పాత మనిషినే అయిపోతా. పొగతోటలో అడుగుకో డాక్టర్ బోర్డు ఉంటుంది, వెతుక్కుంటే ఇలాంటివి మీకూ దొరుకుతాయి. అక్కడ ఏం జరుగుతుంది, ఏం పనికొచ్చింది, డబ్బులకి తగ్గదేనా, అంతవరకు చెప్తా.

నాది ఇందుకూరుపేట మండలం. తొమ్మిదెకరాల్లో నాలుగు చెరువులు, మూడెకరాలు సొంతం, మిగతాది లీజు. వనామీ రకం రొయ్య వేసేవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ వెయ్యనివాళ్ళ కోసం ఒక్క ముక్క. పగలు ఎండకి చెరువు నీళ్ళల్లో తేలే సన్నటి నాచు, ప్లాంక్టన్ అంటాం, ఆక్సిజన్ తయారు చేస్తుంది, రాత్రయితే అదే ప్లాంక్టన్ రొయ్యలతో పోటీపడి ఆక్సిజన్ పీల్చేస్తుంది, అందుకని తెల్లవారుజామున డీవో, అంటే నీళ్ళల్లో కరిగిన ఆక్సిజన్, అట్టడుక్కి పోతుంది. మూడు పీపీఎం కిందికి జారిందంటే ఇక రొయ్యలు తేలడం మొదలు. సరిగ్గా ఆ టైంలో కరెంటు పోయి, జనరేటర్ మొరాయిస్తే, మూడు నెలలు మేత పోసి పెంచిన పంట తెల్లారేసరికి నీళ్ళ మీద తెల్లగా కనపడుతుంది. కాబట్టి పంట ఉన్నన్నాళ్ళూ మనిషికి నిద్ర ఉండదు, నిద్ర లేని మనిషికి కోపం ఎట్టా ఉంటుందో మీ ఇంట్లో పసిపిల్లలుంటే మీకే తెలుసు. దాని మీద రేట్ల టెన్షన్. 2025 ఆగస్టు ఆఖర్లో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో కౌంట్ల (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్క) రేట్లు వచ్చేవి, ఫోన్ తెరవాలంటే చెయ్యి వణికేది.

సెప్టెంబర్లో ఒక రాత్రి మేత వేసే కుర్రోడు షెడ్డులో నిద్రపోయాడు. రెండో చెరువులో ఏరేటర్లు ఆగిపోయాయి. నేను టార్చి వేసి చూసేసరికి రొయ్యలు గట్టు అంచున పైకొచ్చి తిరుగుతున్నాయి. గబగబా జనరేటర్ వేశాం, గంటలో సర్దుకుంది, పోయింది పాతిక ముప్పై కిలోలు, అంతే. కానీ నేను ఆ కుర్రోణ్ణి తిట్టిన తిట్లు వాళ్ళమ్మ దాకా, వాళ్ళ ఊరి దాకా పోయాయి. సెలవులకని వచ్చి నాతో పాటు చెరువు దగ్గరే పడుకున్న మా పెద్దోడు, ఇంటర్ రెండో సంవత్సరం వాడు, మధ్యలోకి వచ్చి "నాన్నా, చాలు" అన్నాడు. నా చేతిలో చెక్ ట్రే ఉంది, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెం. వాడి వైపు విసిరా. తగల్లేదు.

తగల్లేదు అనే మాట తర్వాత రెండు నెలల్లో నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. పొద్దునకి కుర్రోడు బట్టల సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. మా వాడు నాతో ఊ, ఉహూ తప్ప మాట్లాడ్డం మానేశాడు, అన్నం ప్లేటు గదిలోకి తీసుకెళ్ళి తలుపేసుకునేవాడు. ఇంట్లో టీవీ సౌండ్ కూడా నేను లేనప్పుడే పెరిగేదని మా చిన్నది తర్వాత చెప్పింది.

అంతకు ముందు మొహర్రంకే మా ఆవిడ బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండక్కి వెళ్ళొచ్చింది. మా వైపు వాళ్ళకి తెలుసు, స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు పట్టుకుంటారు, మతం కులం ఎవరూ అడగరు. ఇల్లు కావాలంటే ఇంటి రొట్టె, పెళ్ళి కావాలంటే పెళ్ళి రొట్టె. మా ఆవిడ ఆరోగ్య రొట్టె పట్టుకొచ్చింది. "మనింట్లో ఎవరికి బాలేదు?" అన్నా. "మీ నోటికి" అంది. అప్పుడు దాని మీద కూడా కస్సుమన్నా.

ఇక్కడ ఒక పక్క ముచ్చట. ఈ మేడమ్ దగ్గరికి వెళ్ళే ముందు ఒక ఫ్రెండు మాట విని ఒంగోల్లో రెండు రోజుల క్యాంపుకి వెళ్ళా, 3,000 కట్టి. ఫంక్షన్ హాల్లో అరవై మందిమి, పెద్ద స్పీకర్లు, ఎవరి మీద కోపం ఉందో వాళ్ళ మొహం తలుచుకుని దిండు మీద గుద్దమన్నారు, గొంతు పోయేలా అరవమన్నారు, లోపలున్నదంతా బయటికి పోతుందన్నారు. నేను మేత డీలర్ మొహం తలుచుకుని గుద్దా, బ్రహ్మాండంగా ఉంది. ఇంటికొచ్చేటప్పుడు టంగుటూరు టోల్‌గేట్ దగ్గర ముందు కారాయన చిల్లర కోసం రెండు నిమిషాలు ఆపాడని దిగి అతని మీదికి పోయా. ఇదంతా చెప్తే మేడమ్ నవ్వలేదు. బుష్‌మన్ అనే అమెరికా సైకాలజిస్టు 2002లో 600 మంది కాలేజీ పిల్లలతో దీన్నే పరీక్షించాడని చెప్పింది. కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్ గుద్దినవాళ్ళ కోపం తగ్గకపోగా వాళ్ళకే ఎక్కువగా ఉందంట, ఊరికే రెండు నిమిషాలు కూర్చున్నవాళ్ళే నయమంట. అదే ఆయన ఇంకొకావిడతో కలిసి 2024లో 154 అధ్యయనాలు, పదివేల మందికి పైగా మనుషుల లెక్కలు కలిపి చూస్తే, ఒంటిని చల్లబరిచే పనులే కోపాన్ని తగ్గించాయి, ఒంటిని వేడెక్కించేవి మొత్తం మీద తగ్గించలేదు, పరిగెత్తడం అయితే ఇంకాస్త పెంచింది కూడా. మా నాయన కోపమొస్తే చెంబుడు నీళ్ళు తాగి వేపచెట్టు కింద కూర్చునేవాడు. 3,000 పోసి దిండు గుద్దిన నాకు ఆ చెట్టు గుర్తొచ్చి సిగ్గేసింది.

సరే, సెంటర్ విషయానికొస్తా. రెండో అంతస్తు, లిఫ్టు ఉంది, కానీ నేను వెళ్ళిన ఆరుసార్లలో నాలుగుసార్లు పనిచెయ్యలేదు. బండి పెట్టుకోడానికి చోటు లేదు, ఎదురుగా మెడికల్ షాపు ముందు పెడితే వాళ్ళు గొణుగుతారు. అపాయింట్‌మెంట్ ఐదింటికి అంటే లోపలికి పిలిచేది ఐదు నలభైకి. కోపం తగ్గించుకోడానికి వచ్చిన మనిషిని నలభై నిమిషాలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టడం కూడా ట్రీట్‌మెంటులో భాగమేమో అనుకున్నా. రిసెప్షన్లో అమ్మాయి ఫోన్లో రీల్స్ సౌండ్ పెట్టి చూస్తుంటుంది, గోడ మీదేమో "నిశ్శబ్దం పాటించండి". మొదటి రోజు అరుద్దామని నోటిదాకా వచ్చింది. పక్కన ఒక పెద్దావిడ "అబ్బయా, నువ్వు కూడా కోపానికేనా?" అని మెల్లగా అడిగింది, ఇంకేం అరుస్తా.

లోపల మాత్రం గది బాగుంది. మేడమ్‌కి యాభై పైన ఉంటాయి, గట్టిగా మాట్లాడదు, చేతిలో ఫోన్ ఉండదు. గోడకి సర్టిఫికెట్ ఉంది, ఆర్సీఐ రిజిస్ట్రేషన్ నంబరుతో. ఇది మీరు తప్పకుండా చూసుకోండి. క్లినికల్ సైకాలజిస్ట్ అని పెట్టుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి, మందులు రాయాలంటే సైకియాట్రిస్ట్ లాంటి డాక్టరే కావాలి. రెండూ కాకుండా ఉత్త మాటల మనుషులు చాలామంది ఉన్నారు. మొహమాటపడకుండా అడగండి, నేను అడిగితే ఆవిడ కోపం తెచ్చుకోలేదు సరికదా "మంచిపని, అందరూ అడగాలి" అంది.

మొదటి సిట్టింగులో నన్ను మాట్లాడనిచ్చి, చివర్లో ఒక చీటీ రాసిచ్చింది. బీపీ, షుగర్, థైరాయిడ్ చూపించుకుని రమ్మని. నాకు ఒళ్ళు మండింది, నేను కోపం అంటే ఈవిడ రక్తపరీక్ష అంటుందే అని. చూపిస్తే బీపీ 150కి 96. డాక్టర్ దగ్గరికి విడిగా పంపించింది, నిద్ర ఎన్ని గంటలు, గురక ఉందా, మందు ఎంత తాగుతా అని లెక్కగా అడిగింది. నాలుగు గంటలు నిద్రపోయే మనిషికి ఎన్ని ధ్యానాలు నేర్పినా నీళ్ళల్లో పోసినట్టేనని మొహం మీదే చెప్పింది. రాత్రి కాపలాకి ఇద్దర్ని పెట్టి వంతులు మార్చుకోమంది. నెలకి పదిహేను వేలు అదనపు ఖర్చు అని లెక్క చెప్పా. "ఆ ట్రే తగిలుంటే ఎంత ఖర్చయ్యేది?" అంది. ఇంకో మాట లేదు.

రెండో సిట్టింగుకి ముందు పది రోజులు ఒక చిన్న నోటుపుస్తకం జేబులో పెట్టుకోమంది. కోపం వచ్చినప్పుడల్లా టైము, ఎవరి మీద, అప్పటికి అన్నం తిని ఎంతసేపయింది, ఒంట్లో ముందు ఎక్కడ తెలిసింది, ఇవి నాలుగు. మేత లెక్కలు రాసే పుస్తకంలోనే వెనక పేజీల్లో రాశా. పది రోజుల్లో 31 సార్లు. ఇంత ఉంటుందని నేనే అనుకోలేదు. అందులో 19 సార్లు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య, అంటే రేట్ల మెసేజ్ చూసుకుని, మధ్యాహ్నం ఎప్పుడో తిన్న అన్నంతో ఇంటికి చేరే టైము. కోపం తెప్పించింది ఏజెంటు, డీలరు, కరెంటు, వాన. తిట్లు తిన్నది మా ఆవిడ, పిల్లలు, ఒకసారి పాలబ్బాయి. అత్త మీద కోపం దుత్త మీద అని సామెత వాడ్డమే గానీ, మన దుత్తలు ఎవరో మన చేతిరాతతో చూసుకుంటే వేరేగా ఉంటుంది. ఒంట్లో ముందు తెలిసేది ఎక్కడంటే, నాకు దవడ. పళ్ళు బిగుసుకుంటాయి, ఆ తర్వాత అరనిమిషానికి నోరు లేస్తుంది. ఆ అరనిమిషం ఉందని నలభై ఆరేళ్ళు నాకు తెలీదు.

కోపం మీద శతక పద్యం చిన్నప్పుడు బట్టీ పట్టనివాళ్ళు మనలో ఎవరున్నారు చెప్పండి. పద్యం నోటికి వచ్చినంత మాత్రాన నోరు అదుపులోకి రాదు. అరనిమిషంలో చెయ్యాల్సింది ఏంటో చేతిలో ఉండాలి. మూడో సిట్టింగులో అది నేర్పింది. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చడం, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలడం, నిమిషానికి ఆరు శ్వాసలు పడతాయి. వదిలేది పొడుగ్గా ఉండడమే కిటుకు, వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుందంట. నాకు ఇలాంటివి నమ్మకం లేదని చెప్పా. "నమ్మొద్దు, కొలవండి" అంది.

అప్పుడే గుర్తొచ్చింది, కోవిడ్ టైంలో కొన్న ఆక్సీమీటర్ బీరువాలో ఉంది. 2021లో కొన్నది, రెండు బ్యాటరీలు మార్చి వేలికి పెట్టా. మామూలుగా కూర్చుంటే పల్స్ 80, 82. డీలర్‌తో ఫోన్లో గొడవపడి పెట్టుకుంటే 114. శ్వాస మొదలుపెట్టి చూస్తూ కూర్చున్నా, ఐదు నిమిషాల్లో 98, ఇరవై నిమిషాలకి 84. అంకె దిగుతుంటే కళ్ళారా చూడ్డం ఉందే, ఏరేటర్లు వేశాక డీవో మీటర్లో 2.8 నుంచి 4 కి ఎక్కడం చూసినట్టే ఉంది. చెరువు గట్టు మీద నిలబడి అరిస్తే డీవో పెరగదు, ఏరేటర్ వెయ్యాలి, అది నాకు తెలుసు, నా ఒంటికి మాత్రం ఇన్నాళ్ళూ అరుపే వేశా.

ఆ ఇరవై నిమిషాలకి ఒక కథ ఉంది. జాన్ గాట్‌మన్ అని అమెరికాలో సియాటెల్ దగ్గర మొగుడూపెళ్ళాల గొడవల్ని ఏళ్ళ తరబడి పరిశీలించిన ఆయన, గొడవ మధ్యలో గుండె వేగం వంద దాటితే మనిషికి ఎదుటివాళ్ళ మాట సరిగ్గా ఎక్కదని, కనీసం ఇరవై నిమిషాలు ఆగితే గానీ ఒళ్ళు మామూలు కాదని చెప్పాడంట. అందుకని మేడమ్ రూలు: వంద దాటితే మాట్లాడకూడదు, లేచి వెళ్ళాలి. నేను వెంటనే అన్నా, లేచి వెళ్ళడం మా ఇంట్లో కొత్తేం కాదు, నేను అలిగి చెరువు దగ్గరికి పోతే రెండ్రోజులు రాను అని. దానికి ఆవిడ చెప్పిన తేడా నాకు ఈ మొత్తం 4,800 లో సగం విలువ చేస్తుంది. అలిగి పోయేవాడు ఎప్పుడొస్తాడో చెప్పడు, చెప్పకపోవడమే వాడి శిక్ష. మీరు "ఎనిమిదిన్నరకి వస్తా, అప్పుడు మాట్లాడదాం" అని చెప్పి వెళ్ళండి, ఎనిమిదిన్నరకి రండి. బయటకెళ్ళి నేనేం తప్పు చేశా, వాళ్ళే తప్పు చేశారు అని మనసులో వాదించుకోకండి, అది దిండు గుద్దడంతో సమానం.

మొదటిసారి చేసినప్పుడు మా ఆవిడ నమ్మలేదు. ఎనిమిదిన్నరకి నేను గుమ్మంలో ఉంటే గడియారం వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది.

పనికిరానివి కూడా చెప్పాలి కదా. వీళ్ళు ఒక ఆడియో పంపిస్తారు, పదిహేను నిమిషాలు, దానికి విడిగా 299. ఫ్లూటు వెనకాల ఎవరో "మీ అంతరంగంలోని ప్రశాంత సరోవరాన్ని దర్శించండి" అని గ్రాంథికంలో చెప్తుంటారు. సరోవరం అనగానే నాకు డీవో గుర్తొచ్చి గుండె దడ. కొనకండి. ఉచితంగా గట్టు మీద ఆరు బయట కూర్చుని పది నిమిషాలు గాలి పీల్చుకుంటే చాలు. నేను ఇప్పుడు సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు ఫోన్ షెడ్డులో పెట్టి, మోటారు గది వెనక మెట్టు మీద కూర్చుంటా. కొంగలు దిగుతుంటాయి. రేట్ల మెసేజ్ పొద్దున చూస్తా, సాయంత్రం చూస్తే అది నాతో పాటు ఇంటికొస్తుంది. ప్రశాంతత అంటే నాకు దొరికింది ఇంతే, ఇంతకంటే ఎక్కువ దొరికిందని చెప్తే అబద్ధం.

నాలుగో సిట్టింగుకి మా ఆవిడని తీసుకురమ్మంది. ముందు నన్ను బయట కూర్చోబెట్టి ఆమెతో ఒంటరిగా మాట్లాడింది. తర్వాత తెలిసింది, "ఆయన ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నారా, మీకు ఇంట్లో భయంగా ఉంటుందా" అని అడిగిందంట. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది, నన్ను అట్టాంటి మనిషనుకుంటారా అని. మా ఆవిడ కార్లో మెల్లగా "ట్రే విసిరిన రోజు నుంచి ఉంది" అంది. నెల్లూరు నుంచి మా ఊరు దాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడలేదు. అది అలకేం కాదు. ఆక్సీమీటర్ పెట్టుకున్నా వంద లోపే ఉండుండేది.

ఆ రోజు లోపల జరిగింది ఇంకొకటి. మేడమ్ నా నోటుపుస్తకం ముందు పెట్టుకుని, ఈ 31 లో ప్రతిదాని పక్కన, కోపానికి ముందు ఏముందో ఒక్క మాటలో రాయమంది. నేను రాసినవి చూస్తే నాకే వింతగా ఉంది. భయం, భయం, అవమానం, భయం, ఆకలి, భయం. మా వైపు మగవాడు గట్టు మీద నిలబడి "భయంగా ఉంది" అంటే పరువు పోతుంది, అదే అమ్మనా బూతులు తిడితే గట్టివాడంటారు. భయం చెప్పుకోడానికి సిగ్గుపడ్డవాణ్ణి కోపం చూపించడానికి ఎప్పుడూ సిగ్గుపడలేదు. మేత డీలర్‌కి పదకొండు లక్షలు బాకీ ఉన్న సంగతి అప్పటిదాకా మా ఆవిడకి తెలీదు. అక్కడ కూర్చుని చెప్పా. ఏడుస్తుందనుకున్నా. "ఇన్నేళ్ళూ నేనంటేనే మీకు గిట్టదనుకున్నా" అంది. పదకొండు లక్షల గురించి మాటే ఎత్తలేదు, అది ఇంటికెళ్ళాక, పెన్ను కాగితం తీసుకుని, చీటీ ఎప్పుడు పాడాలి, లీజు చెరువుల్లో ఏది వదిలెయ్యాలి, నాకంటే బాగా లెక్క వేసింది. ఒక చెరువు వదిలేశాం.

ఐదో సిట్టింగుకి మా వాడు రాలేదు, రానన్నాడు, మేడమ్ బలవంతం చెయ్యొద్దంది. వాడికి బదులు నాకు హోంవర్కు ఇచ్చింది. గాట్‌మన్ లెక్కే ఇంకొకటుందంట, నిలబడే కాపురాల్లో గొడవపడేటప్పుడు కూడా ఒక చేదు మాటకి ఐదు మంచి మాటలో, నవ్వులో, తలూపడాలో ఉంటాయని. అది మొగుడూపెళ్ళాల లెక్క, పిల్లలకి అదే అంకె అని కాదు, కానీ మీరు మీ అబ్బాయితో రోజుకి ఏమేం మాట్లాడుతున్నారో రాయండి అంది. వారం రాశా. రోజుకి నాలుగు వాక్యాలు. చదివావా, ఫోన్ పక్కన పెట్టు, ఇంకా లేవలేదా, మార్కులెన్ని. ఐదుకి ఒకటి సంగతి తర్వాత, నా దగ్గర ఆ ఐదు లేనే లేవు.

క్షమాపణ గురించి కూడా చెప్పింది. "కానీ" లేకుండా చెప్పమంది. "తప్పయింది, కానీ నువ్వు కూడా" అంటే అది చార్జిషీటు. నేను రాత్రి వాడి గది తలుపు కొట్టి, లోపలికి వెళ్ళకుండా, "ఆ రోజు నీ మీద ట్రే విసరడం నాది తప్పు, నాకు పంట పోతుందని భయమేసింది, నీ మీద చూపించా" అని చెప్పి వచ్చేశా. జవాబు లేదు. నాలుగు రోజుల తర్వాత కూడా ఏం లేదు. ఐదో రోజు సాయంత్రం మా ఆవిడ క్యారియర్ ఇచ్చి పంపిస్తే బండి మీద చెరువు దగ్గరికి తెచ్చాడు. తెచ్చి వెళ్ళిపోలేదు. గట్టు మీద కూర్చుని, డీవో మీటర్ నీళ్ళల్లోకి దించి, "ఎంత ఉండాలి నాన్నా?" అన్నాడు. నాలుగు పైన ఉండాలి అన్నా. ఐదు చూపిస్తోంది. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం చాలాసేపు, చేపల పులుసు చల్లారిపోయింది.

మేత కుర్రోడి సంగతి అంత బాగా కుదరలేదు. ఇవ్వాల్సిన జీతం పంపించి, ఫోన్ చేసి, అదే "కానీ" లేని మాట చెప్పా. "పర్లేదు సార్" అని పెట్టేశాడు. మైపాడు వైపు ఎవరి చెరువుల్లోనో చేస్తున్నాడంట. తిరిగి రాలేదు, రమ్మని రెండోసారి అడగలేదు.

ఆరో సిట్టింగు నన్నడిగితే అనవసరం. పాతవే మళ్ళీ చెప్పి, ఒక ఫారం నింపించుకుని, గూగుల్లో ఐదు స్టార్లు ఇవ్వమన్నారు, అది నాకు నచ్చలేదు. అక్కడికక్కడే రిసెప్షన్లో నిలబెట్టి ఫోన్ తీయమంటే ఎవరైనా ఐదే ఇస్తారు. బిల్లు కూడా అడిగితే గానీ ఇవ్వలేదు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఇంట్లో చెయ్యి లేస్తుంటే, తాగి గొడవలవుతుంటే, ఇలాంటి ఆరు సిట్టింగులు చాలవు. భార్యని కూర్చోబెట్టి సర్దుకోమని చెప్పే కౌన్సెలింగ్ అసలు కౌన్సెలింగే కాదు. ఆడవాళ్ళకి 181 హెల్ప్‌లైన్ ఉంది. డబ్బులు లేవు, నెల్లూరు దాకా రాలేను అనుకునేవాళ్ళకి కేంద్రప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది, 14416 కి ఫోన్ చేస్తే ఇరవై నాలుగు గంటలూ తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ అడగరు. 800 పెట్టే ముందు అది ప్రయత్నించినా తప్పులేదు, నాకే ముందు తెలీలేదు.

నా మార్కులు అంటారా. మేడమ్‌కి ఐదుకి నాలుగున్నర. సెంటర్‌కి రెండు, అది కూడా ఆ అబ్బయా అని పలకరించిన పెద్దావిడ పుణ్యాన. ఆడియోకి సున్నా. బీరువాలో మూలపడ్డ ఆక్సీమీటర్‌కి ఐదుకి ఐదు. ఇప్పుడు అది డైనింగ్ టేబుల్ మీద ఉప్పు డబ్బా పక్కన ఉంటుంది. మొన్న మోటారు మెకానిక్ మూడోసారి రాకుండా ఎగ్గొట్టాడని గొంతు పెంచా, మా వాడు తల ఎత్తకుండానే దాన్ని నా వైపు జరిపాడు. పెట్టుకుంటే 96. "ఇంకా నాలుగుంది, ఒక తిట్టు తిట్టొచ్చు" అన్నా. మా చిన్నది పకపకా నవ్వింది. వాడు నవ్వలేదు గానీ ప్లేటు తీసుకుని గదిలోకి కూడా పోలేదు.

మొహర్రం ఇంకొన్ని నెలల్లో వస్తుంది. కోరిక తీరినవాళ్ళు స్వర్ణాల చెరువులో రొట్టె తిరిగివ్వాలి కదా, ఈసారి మనం ఇచ్చేదే కదా అని మా ఆవిడని అడిగా. చేతిలో పని ఆపకుండా "ఇంకా టైముంది, చూద్దాం" అంది.